ఇరవై ఒకటో మూర

శిలాకూటం కోట ముట్టడికి తొంభై రెండో రోజు పొద్దున, సభామండపం ముందు ఒక సిద్ధుడు కనిపించాడు. ఒళ్లంతా విభూతి, భుజాన జింకచర్మం, ఛాతీ దాకా గడ్డం. కోట చుట్టూ వేగవతి రాజ్యపు సైన్యం పన్నెండు వేలు మోహరించి ఉంది. అంత కాపలా దాటి ఎలా వచ్చావని ద్వారపాలకులు అడిగారు. గాలిలో వచ్చానని సిద్ధుడు చెప్పాడు. వాళ్లు దారి ఇచ్చారు.

సిద్ధుడు వచ్చింది తాడు మీద. మైలడు అనే తేనెపట్టులు కొట్టేవాడు కొండ వెనక చీలికలో నుంచి తెల్లవారకముందు పైకి లాగాడు. ఆ సిద్ధుడు మగవాడు కూడా కాదు. పేరు ఎర్రమ. కోటకు ఆమడ దూరంలోని కంచరివాడ ఆమె ఊరు. పోతపోయడం తండ్రి దగ్గర నేర్చుకుంది. గడ్డం మైలడి మేకది. దాన్ని లక్కతో అంటించింది మైలడే.

"మేక గడ్డం చెల్లెమ్మా, జాగ్రత్త," అన్నాడు అతను అంటిస్తూ. "పచ్చిగడ్డి కనిపిస్తే నోరు ఆపుకో."

ఆమెకు నవ్వు రాలేదు. ఆమె భర్త కాచన కోటలో ఖైదీగా ఉన్నాడు. ముట్టడికి తొంభై నాలుగో రోజు పొద్దు గుంకే వేళకు అతన్ని పిడుగుబండ మీద నుంచి లోయలోకి తోసేస్తారని చాటింపు వేశారు. ఆ కబురు తెచ్చింది కూడా మైలడే.

కాచన నేరం ఇది. కోటలో చెరువులు ఎండిపోయాయి. ఒక్క ఊట మిగిలింది. అది కోట నేలకు అరవై మూరల కింద, కొండ చీలిక అడుగున ఒక గుహలో ఉంది. గుహకు దిగే మెట్లు లోయ వైపు ఉన్నాయి. వాటి మీద కాలు పెట్టినవాళ్లు వేగవతి విలుకాండ్రకు దొరికిపోతారు. మొదటి నెలలో అలా నలభై మంది నీళ్లు మోసేవాళ్లు చనిపోయారు. చీలికలో కుండలు వేలాడదీస్తే రాళ్లకు తగిలి పగిలాయి, బిందెలు ఒలికి ఖాళీగా వచ్చాయి. అందుకని చీలిక పొడవునా వెదురు గొట్టం దించి, పైన పెద్ద చిమ్మనగ్రోవి పెట్టి నీళ్లు లాగాలని రాజు చిత్రాయుధుడు ఆజ్ఞ ఇచ్చాడు. కంచు గ్రోవి, లోపల తోలు బిరడా, బిరడాకు ఇనుపకాడ. కాడ పైకి లాగితే నీళ్లు పైకి రావాలి.

నీళ్లు ఇరవై ఒక్క మూరలు వచ్చి ఆగాయి. మొదటి కంచరి అతుకులు మళ్లీ మూశాడు. ఇరవై ఒక్క మూరలే. రెండోవాడు ఎనిమిది మంది చేత లాగించాడు, మూడోవాడు పదహారు మంది చేత లాగించాడు. కాడ వంగింది కాని నీళ్లు కదలలేదు. అప్పుడు ఆస్థాన మంత్రవాది భైరవదత్తుడు గొట్టానికి ఇరవై ఒకటో మూర దగ్గర ఎర్రదారం చుట్టి, అది గుహలో ఉన్న జలదేవి గీసిన హద్దు అన్నాడు. హద్దు దాటబోయి ఓడినవాడిని దేవికి ఇవ్వాలి. ఆడవాళ్లు గొట్టాన్ని తాకకూడదు. ఏడుగురు కంచరులు ఏడు గ్రోవులు చేశారు. ఏడుగురినీ పిడుగుబండ మీద నుంచి తోశారు. కాచన ఎనిమిదోవాడు.

సభామండపానికి నూట ఎనిమిది స్తంభాలు. స్తంభానికొక జలకన్య, ఆమె చంకలో కుండ, కుండ మూతి నుంచి పాదాల దాకా జారే రాతి ధార. సింహాసనం ముందు పాలరాతి కొలను. కొలనులో వెండి చేపలు, పచ్చల నాచు, ముత్యాల బుడగలు. నీళ్లు లేవు. వెండి చేపల మీద దుమ్ము పేరుకుని ఉంది. రాజు పెదవులు పగిలి ఉన్నాయి. ఆయన కూడా అందరిలాగే రోజుకు రెండు సోలల నీళ్లే తాగుతున్నాడని కోటలో చెప్పుకునేవారు. అది నిజమే.

భైరవదత్తుడు సింహాసనం పక్కన నిలబడి ఉన్నాడు. మెడలో ఏడు కంచు బిళ్లలు. అవి ఏడుగురు కంచరుల ముద్రలు.

"ఏ పీఠం నాయనా?" అని అడిగాడు.

"వాయుపీఠం," అంది ఎర్రమ, గొంతు తగ్గించి.

"ఎక్కడుంది అది?"

"నువ్వు నిలబడ్డ చోటే. నీ నెత్తి మీద కూడా ఉంది. మోస్తున్నావు, నీకు తెలియడం లేదు."

సభలో ఎవరో నవ్వారు. రాజు ముందుకు వంగాడు. "నా నెత్తి మీద ఏ బరువూ లేదే."

"చేపకు నీటి బరువు తెలుస్తుందా మహారాజా? మనం గాలి అడుగున బతుకుతున్నాం. గాలి అన్నిటినీ తొక్కుతుంది. ఊటనూ తొక్కుతుంది. గొట్టంలో గాలిని మీరు గ్రోవితో తీసేస్తే, అక్కడ తొక్కేవాడు లేడు. బయట తొక్కుడుకు నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి. మీ మనుషులు నీళ్లను లాగడం లేదు. అడ్డు తీస్తున్నారు, అంతే. ఎక్కించేది గాలి. గాలి బలం ఎంతో అంతవరకే ఎక్కిస్తుంది. పదహారు మంది లాగినా, పదహారు ఏనుగులు లాగినా, ఇరవై ఒక్క మూరలే."

"ఇది ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాడు భైరవదత్తుడు.

"కొలిమిలో. తిత్తి మూతి గట్టిగా మూసి పైపలక ఎత్తి చూడు. ఇద్దరు మగవాళ్లు ఎత్తలేరు. తిత్తిలో ఏమీ లేదు. ఏమీ లేనిది పట్టి లాగుతుందా? బయట ఉన్నది తొక్కుతుంది."

రాజు మొలకు కట్టిన కత్తి పిడి మీద వేలితో తట్టాడు. "మాట బాగుంది. రుజువు?"

"హద్దు దేవిదైతే కదలదు. గాలిదైతే కదులుతుంది. గుహ ఇక్కడికి అరవై మూరల లోతు. అక్కడ మన మీద అరవై మూరల గాలి ఎక్కువ. తొక్కుడు ఎక్కువ. అదే గొట్టాన్ని అక్కడ నిలబెడితే నీళ్లు ఇంకాస్త పైన నిలవాలి."

"వెంట్రుకవాసి కదలదు," అన్నాడు భైరవదత్తుడు.

ఆ రోజే చూశారు. ఇరవై మూరల వెదురు గొట్టం. దాని పైన గాజులవాళ్ల చేత ఊదించిన మూరన్నర పొడవు గాజుగొట్టం. గొట్టం నిండా నీళ్లు నింపి, పైమూతి మైనంతో మూసి, కింది మూతి తొట్టిలో ముంచి తెరిచారు. కోట బురుజు పక్కన నిలబెట్టినప్పుడు నీళ్లు కొంచెం దిగి, ఇరవై ఒకటో మూర దగ్గర నిలిచాయి. రాజుగారి కొలతగాడు ఆ చోట ఎర్రదారం కట్టాడు. తర్వాత గొట్టాన్ని ముక్కలుగా విప్పి తాళ్లతో గుహలోకి దించారు. మైలడు, ఎర్రమ, కొలతగాడు దిగారు. మళ్లీ అతికి, మళ్లీ నింపి నిలబెట్టారు.

నీళ్లు దారానికి పైన నిలిచాయి. నాలుగు వేళ్ల వెడల్పు పైన.

కొలతగాడు మూడుసార్లు కొలిచాడు. మూడోసారి కొలిచాక మూరకోల కింద పెట్టి, చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఏడుగురి కోసమూ మూరలు కొలిచింది అతనే.

"నాలుగు వేళ్లు," అన్నాడు. "నాలుగు వేళ్ల కోసం ఎవరూ కిందికి దిగి చూడలేదు."

పైకి వచ్చి సభలో ఆ మాటే చెప్పాడు. రాజు భైరవదత్తుడి వైపు చూశాడు. భైరవదత్తుడు తడుముకోలేదు.

"గుహ దేవి ఇల్లు," అన్నాడు. "ఇంట్లో ఉన్న తల్లి దయ వాకిట్లో కంటే నాలుగు వేళ్లు ఎక్కువే ఉంటుంది. ఈ సిద్ధుడు దేవి మహిమనే కొలిచి తెచ్చాడు. సంతోషం."

సభ తలలు ఊపింది. ఎర్రమ సింహాసనం వైపు ఒక అడుగు వేసింది. తర్వాత రాజుకు తన ఉపాయం చెప్పింది. గాలి ఇరవై ఒక్క మూరలు ఎక్కిస్తుంది, కాబట్టి ఇరవై మూరలకు ఒక మజిలీ పెట్టాలి. చీలికలో గద్దలు గూళ్లు కట్టే రాతి అరలు రెండున్నాయి. ఊట నుంచి ఇరవై మూరల ఎత్తున ఒకటి, నలభై మూరల ఎత్తున ఒకటి. ఒక్కో అరలో ఒక తొట్టి, ఒక గ్రోవి. కింది అరలోని గ్రోవి ఊట నుంచి తన తొట్టిలోకి తోడుతుంది. పై అరలోది ఆ తొట్టి నుంచి తన తొట్టిలోకి. కోట మీదిది అక్కడి నుంచి కొలనులోకి. మూడు గ్రోవులు చాలు. ఆయుధశాల వెనక ఎనిమిది పడి ఉన్నాయి.

"మూడో రోజు పొద్దు గుంకేలోగా నీళ్లు వస్తాయి. బలి అక్కర్లేదు."

చిత్రాయుధుడు ఆలోచించాడు. ఆయన మూర్ఖుడు కాడు.

"సిద్ధా, నీ లెక్క నిజమైతే నీ పద్ధతికి నీళ్లొస్తాయి. భైరవదత్తుడి మాట నిజమైతే బలికి వస్తాయి. నాకు తెలియదు. కోటలో తొమ్మిది వేల మంది ఉన్నారు. రెండూ చేద్దాం. రెండూ చేస్తే పోయేదేముంది?"

"ఒక మనిషి పోతాడు."

"ముట్టడిలో రోజుకు పదిమంది పోతున్నారు."

ఎర్రమ పిడికిళ్లు బిగించింది. "అయితే నాది ముందు. బలికి ముందు నీళ్లు కొలనులో పడితే అతన్ని వదలాలి. మాట ఇవ్వండి."

రాజు చేయి చాపి మాట ఇచ్చాడు.

ఆయుధశాల వెనక ఎనిమిది గ్రోవులు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున చేసినవాడి పేరు. బాగున్నవి ఎంచడానికి కాచనను సంకెళ్లతో తెచ్చారు. ఇద్దరు భటులు పక్కనే కూర్చున్నారు. కాచన సిద్ధుణ్ణి చూశాడు, సిద్ధుడి కుడిచేతి మీద పోత కాలిన మచ్చను చూశాడు, తల దించుకున్నాడు.

"స్వాములకు సంసారం ఉందా?" అన్నాడు కాసేపటికి.

"ఉంది. చెప్పిన మాట వినని మనిషి. కోటకు పోవద్దంటే పోయింది."

"ఆలి మాట వినని మొగుళ్లను చూశాం గాని," అన్నాడు ఒక భటుడు, "ఆలి చేతిలో ఇంత నలిగిన సిద్ధుణ్ణి ఇప్పుడే చూడటం."

భటులు నవ్వుకున్నారు. కాచన ఒక గ్రోవి లోపలికి చేయి పెట్టి తడిమాడు. "నా అతుకుల్లో కారుడు లేదు స్వామీ. నీళ్లలో ముంచి చూశాను. బుడగ రాలేదు. అయినా కారుడే అన్నారు."

"తప్పు అతుకుది కాదు. ఎవరి అతుకుదీ కాదు."

కాచన చేయి గ్రోవిలోనే ఆగిపోయింది. ఆ గ్రోవి మూడో కంచరిది. ఆయన కాచనకు పని నేర్పిన గురువు. తన చేతిలోనే లోపం ఉందనుకుంటూ పిడుగుబండ ఎక్కాడు.

"ఆయనకు ఒక్కరు చెప్పి ఉంటే," అన్నాడు కాచన. తర్వాత మూడు గ్రోవులు ఎంచి పక్కన పెట్టాడు. వాటిలో గురువుది ఉంది.

రెండో రోజు పని చీలికలో. మొదటి గ్రోవి కింది అరకు క్షేమంగా దిగింది. రెండోది దిగుతుండగా తాడు తెగింది. గ్రోవి ఎర్రమ భుజానికి జానెడు దూరంలో దూసుకుపోయి, రాతికి కొట్టుకుని, గుహ ముందు ముక్కలైంది. మైలడు తాడు కొస పట్టుకుని చూశాడు.

"అరిగి తెగింది కాదు చెల్లెమ్మా. కోసింది. కత్తి బాగా పదును."

"ఇంకొకటి తెప్పించు. ఈసారి తాడు నువ్వు పట్టుకో."

మూడో రోజు పొద్దున పై అరలో తేనెటీగలు లేచాయి. తొట్టి దించుతున్న భటులు కేకలు వేస్తూ పైకి పారిపోయారు. మైలడు పచ్చి కొమ్మలు ముట్టించి పొగ పెట్టాడు. ఈగలు పోయాయి. పొగ చీలిక దాటి లోయకు కనిపించింది. వేగవతి విలుకాండ్రు పొగకేసి బాణాలు వేశారు. పదకొండు బాణాలు రాతికి తగిలాయి. పన్నెండోది ఎర్రమ చుబుకం పక్కగా వచ్చి గడ్డాన్ని తొట్టికి దిగ్గొట్టింది.

"మేక ప్రాణం పోయింది," అన్నాడు మైలడు.

ఎర్రమ బాణం పీకి, గడ్డానికి మైనం రాసి మళ్లీ అంటించుకుంది. పని ఆపలేదు. వెదురు కణుపులకు నూనెగుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, గాలి చొరబడకుండా అతికారు. పొద్దు పడమటికి వాలింది. కోట మీద డప్పులు మొదలయ్యాయి. కాచనను పిడుగుబండకు తీసుకొస్తున్నారు. ఆ బండ చీలికకు సరిగ్గా పైన, లోయ మీదికి వంగి ఉంటుంది. పై అరలో నుంచి తల ఎత్తితే కనిపిస్తుంది. ఎర్రమ ఒకసారి తల ఎత్తింది. పసుపు బట్ట కట్టిన మనిషి, మెడలో దండ. ముఖం కనిపించలేదు.

"మైలన్నా! లాగు!"

కింది అరలో మైలడు కాడ పట్టి లాగాడు. ఇరవై సార్లు లాగాక అతని కేక వినిపించింది. "వచ్చాయి! కాళ్లు తడిశాయి!"

ఎర్రమ తన కాడ లాగింది. బిరడా కింద గ్రోవి ఖాళీగా మూలిగింది. ముప్పైసార్లు. నలభైసార్లు. అరచేతులు చిట్లాయి. నలభై మూడోసారి గ్రోవి బరువెక్కింది. నీళ్లు బిరడాకున్న తోలురెక్కను తోసుకుని తొట్టిలోకి దూకాయి. ఊట పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లు అంత ఎత్తు ఎక్కడం అదే మొదటిసారి. ఆమె ఒక దోసిలి కూడా తాగలేదు. తొట్టి సగం నిండాక పైకి కేక వేసింది. పైన నలుగురు భటులు మూడో గ్రోవి లాగారు.

ముందు ఒక అరుపు వినిపించింది. తర్వాత వంద. తర్వాత కోటంతా. కొలనులో నీళ్లు పడ్డాయి. జనం తోసుకుంటూ, తొక్కుకుంటూ, దోసిళ్లతో, తలపాగాలతో, చెప్పులతో నీళ్లు తీసుకుంటున్నారు. పొద్దు ఇంకా బారెడు ఎత్తున ఉంది. ఎర్రమ కాడ వదలకుండా లెక్కపెట్టుకుంది. ఇప్పుడు డప్పులు ఆగాలి.

ఆగలేదు. భైరవదత్తుడి గొంతు వినిపించింది. అరవడం లేదు. అందరికీ వినబడేలా మాట్లాడుతున్నాడు.

"చూశారా? బలిపశువు బండ ఎక్కాడు, తల్లి హద్దు తీసేసింది. మనం బలి ఇవ్వకముందే నీళ్లిచ్చింది. తల్లిని నమ్మించి మోసం చేస్తారా? చేసి చూడండి. రేపు తెల్లారేసరికి కొలను చేపల మీద మళ్లీ దుమ్మే."

"లేదు, లేదు!" అని ఒక ఆడమనిషి అరిచింది. "తోసెయ్యండి! నా బిడ్డ ఇప్పుడే గుక్కెడు తాగాడయ్యా, మళ్లీ మానిపించకండి!"

"ఒక్కడే కదా! ఏడుగురు పోయారు, ఇంకొక్కడు!"

"మొక్కు తీర్చండి మహారాజా!"

బండ పక్కన, చీలిక అంచున ఉన్న రాజు చెయ్యి ఎత్తాడు. జనం ఆగలేదు. ఆయన చెయ్యి దించాడు. పక్కన ఉన్న సేనాపతితో అన్న మాట చీలికలోకి స్పష్టంగా వినిపించింది.

"మాట నాది. దాహం వాళ్లది. నేనేం చేసేది?"

ఎర్రమ కాడ వదిలేసింది. తన తొట్టి నుంచి కోటకు పోయే గొట్టం ముఖానికి ఎదురుగా ఉంది. మొలలో నుంచి ఉలి తీసి వెదురుకు ఆనించి రెండు దెబ్బలు కొట్టింది. గొట్టానికి చిల్లు పడింది. గాలి ఈల వేస్తూ లోపలికి దూరింది. గొట్టంలోని నీళ్లు దబ్బున తొట్టిలోకి జారాయి.

పైన నీళ్లు ఆగాయి. డప్పులు కూడా ఆగాయి.

ఆమె గడ్డం పీకి పారేసింది. తన సొంత గొంతుతో అరిచింది. "బండ మీద ఉన్నవాణ్ణి తోసి చూడండి! తోశాక నీళ్లొస్తాయేమో చూడండి!"

"అది ఆడగొంతు," అన్నారెవరో.

"ఆడది! గొట్టాన్ని ఆడది తాకింది!" అన్నాడు భైరవదత్తుడు.

"మూడు రోజుల నుంచి తాకుతూనే ఉన్నాను! ఇందాక తాగావే, ఆ నీళ్లు నేను తోడినవే!" ఆమె చిల్లు మీద బొటనవేలు పెట్టింది. గాలి ఆ వేలిని గొట్టంలోకి తోసింది. రాయి పెట్టి నొక్కినట్టు నొప్పి. "లాగండి! పైనున్నవాళ్లు లాగండి!"

భటులు లాగారు. పదిసార్లు లాగాక నీళ్లు వచ్చాయి. ఆమె వేలు తీసింది. ఆగిపోయాయి. వేలు పెట్టింది. వచ్చాయి. మూడుసార్లు అలా చేసింది. మూడోసారికి పైన అరుపులన్నీ ఆగాయి.

"కాచనను తాడు కట్టి నా దగ్గరికి దింపండి. బతికున్నవాణ్ణి. సంకెళ్లు తీసి."

రాజు తల ఊపాడు. తాడు దిగింది. తాడు చివర కాచన, మెడలో దండతో. కాళ్లు అర అంచుకు తగిలాయి. ఎర్రమ వేలు తీయలేక, ఎడమచేత్తో అతని జుట్టు పట్టుకుని లోపలికి లాగింది.

పైన ముందుగా మోకరిల్లింది భైరవదత్తుడు.

"అమ్మా!" అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు కన్నీళ్లు ఉన్నాయి. "మా కళ్లు మూసుకుపోయాయి తల్లీ! సిద్ధుడి వేషంలో వచ్చావు, పోల్చుకోలేకపోయాం! జనులారా, ఆడదానికి నీళ్లు వేలితో ఆపడం సాధ్యమా? ఇది దేవి! తనకు కావలసినవాణ్ణి తానే అడిగి తీసుకుంది! ఎనిమిదో బలి చెల్లింది!"

"తల్లీ!" అన్నారు తొమ్మిది వేల మంది.

"నేను కంచరి ఎర్రమను!" అని ఆమె అరిచింది. "కంచరివాడ! వింటున్నారా? ఇది గాలి! గాలి తొక్కుడు!"

వాళ్లు అప్పటికే పాట ఎత్తుకున్నారు.

"తల్లి చోటికి మనిషి అడుగు పడకూడదు," అన్నాడు భైరవదత్తుడు. "తాళ్లన్నీ పైకి లాగండి."

తాళ్లు ఒక్కొక్కటే పైకి పోయాయి. కాచన వచ్చిన తాడు చివరగా పోయింది. ఎర్రమ రాజు వైపు చూసింది. ఆయన చీలిక అంచున నిలబడి కిందికి చూస్తున్నాడు. నాలుగు వేళ్ల కొలత ఆయన విన్నాడు. అది ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన చేతులు జోడించాడు.

కుంకుమ పడింది. పసుపు పడింది. ఎండిన పూలదండలు పడ్డాయి. అన్నం పడలేదు.

"ఎన్నాళ్లు ఇలా?" అన్నాడు కాచన. "వేలు తీసెయ్యి. చావనీ వాళ్లను."

"నీళ్లాగితే తాళ్లేసుకుని దిగుతారు. దేవి అలిగిందని ఏడుస్తూనే దిగి, నిన్ను తోస్తారు." ఆమె మొల దగ్గరి మైనం ముద్ద చూపించింది. "ఇది నమిలి మెత్తగా చెయ్యి."

అతను నమిలాడు. ఆమె వేలు తీయగానే చిల్లులో కూరి, పైన దండలోని దారం చుట్టాడు. పైన నీళ్లు ఒక క్షణం తడబడి మళ్లీ పారాయి. పాట ఇంకా గట్టిగా లేచింది. ఎర్రమ బొటనవేలు నల్లబడి ఉంది.

అప్పుడు కింది అర నుంచి మైలడి గొంతు వచ్చింది. బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చెల్లెమ్మా. గుహలో మనుషులున్నారు."

"మనవాళ్లా?"

"మనవాళ్లు గుహలోకి వస్తే చెప్పులు విడుస్తారు. వీళ్లు చెప్పులతోనే వచ్చారు, వేగవతివాళ్లు. పొద్దున పొగ చూసి దారి పట్టుంటారు. నా దగ్గర తేనె తాడు ఒకటుంది. వీళ్లు పైకెక్కేలోగా మొదటి రోజు నిన్ను లాగిన దారిన జారుకోవచ్చు. దిగుతారా, ఉంటారా?"

ఎర్రమ పైకి చూసింది. అంచు పొడుగునా చేతులు, దీపాలు. కింద గుహ మూతి దగ్గర ఇనుము రాతికి తగిలిన చప్పుడు.

"తాడు పైకి విసురు," అంది.

వెళ్లేముందు ఇద్దరూ కలిసి కాడ పట్టుకుని తొట్టి అంచుదాకా నింపారు. తోడేవాళ్లు లేకపోతే, పైనున్నవాళ్లు లాగుతూ ఉంటే, నిండు తొట్టి అరగడియ వస్తుందని కాచన లెక్క కట్టాడు. ఆ అరగడియే వాళ్లకు ఉన్న సమయం. తాడు రాతి కొమ్ముకు బిగించారు. ముందు ఎర్రమ, వెనక కాచన. గూడు ఖాళీ అయింది. పూలు దాని మీద పడుతూనే ఉన్నాయి.

కోటలో తొమ్మిది వేల గొంతులు పాడుతున్నాయి. పాట వినిపిస్తున్నంతసేపూ తొట్టిలో నీళ్లున్నట్టే. ఎర్రమ పాటను వింటూ దిగింది. పదో మూర. పదిహేనో మూర. కింద దివిటీ వెలుగు గోడ మీద పాకుతూ వస్తోంది. మైలడు కత్తి నోట కరుచుకుని చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి అందుకోవడానికి ఇంకా రెండు మూరలు ఉన్నాయనగా, పైన పాట ఆగిపోయింది.